అమ్ముడుపోయిన ఇల్లు



మన సంఘములలో క్రొత్త ఇల్లు కట్టుకొన్నవారు పాస్టరును పిలిచి గృహప్రతిష్ఠ చేయించుకొందురు. వాకిట రిబ్బను కట్టుదురు, పాటలు పాడుదురు, ప్రతి గదిలోను నిలిచి ప్రార్థన చేయింతురు, పిమ్మట అందరికిని భోజనము పెట్టుదురు. నా సేవాకాలములో నేను అట్టి ప్రార్థనలు ఎన్నో చేసితిని. అయితే ఇల్లు అమ్ముకొనువారు పాస్టరును పిలువరు. ఆ దినమునకు నేనెరిగిన ప్రార్థనా క్రమమేదియు లేదు. ఇల్లు కట్టి చూడుమని, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిరి. కట్టిన ఇల్లు అమ్మి చూడుమని గాని, చేసిన పెండ్లి చెడిపోగా చూడుమని గాని ఎవరును చెప్పలేదు. ఈ రెండును ఒక కుటుంబమునకు ఒకే కాలమున సంభవించినప్పుడు, చెప్పుకొనుటకు వారికి మాటలు రావు. అడుగుటకు సంఘమునకు ధైర్యము చాలదు. ఇరుపక్షములను మౌనము ఆవరించును. ఆ మౌనమును గూర్చియే నేడు మీతో మాటలాడగోరుచున్నాను.

ఇది నా స్వంత కుటుంబములో జరిగిన సంగతి గనుక వ్రాయుట నాకు సులభము కాదు. నా చెల్లెలు, ఆమె భర్త ఉభయులును నాకు అనుమతి ఇచ్చినందున వ్రాయుచున్నాను. వారి పేర్లు గాని ఊరి పేరు గాని చెప్పను. పుత్తూరు ప్రాంతపు పల్లె అని తెలిసిన చాలును. వారు విడిపోవుటకు గల కారణములను కూడ ఇక్కడ వ్రాయను. అవి వారిద్దరికిని దేవునికిని తెలిసియున్నవి. "తప్పెవరిది?" అని అడుగువారు మన పల్లెలలో కావలసినంతమంది ఉన్నారు. నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు కూర్చుండలేదు.

1998లో వారి వివాహము జరిగినది. 2006లో ఇల్లు కట్టుకొనిరి. స్థలము కొనుటకు మా అమ్మ పెట్టిన రెండు పేటల గొలుసును, నాలుగు గాజులను నా చెల్లెలు అమ్మివేసెను. గోడలు, కప్పు ఆమె భర్త జీతముతో లేచెను. దస్తావేజు అతని పేరుననే వ్రాయబడెను. ఆనాడు మా ఊళ్లలో అదే వాడుక, ఎవరును వేరుగా తలంపలేదు. వాకిలి పైని సిమెంటుతో ఒక సిలువ గుర్తు, దాని క్రింద రంగుతో ఒక వాక్యము వ్రాయించిరి. పెరట్లో ఒక బెంగళూరా మామిడి మొక్క నాటిరి. గృహప్రతిష్ఠ ప్రార్థన చేసినవాడను నేనే. ఆ ఇంట ప్రతి గురువారము సాయంకాలము గృహకూటము జరుగుచుండెను. 2017 నుండి వారు వేరుగా నివసించిరి. 2021లో కోర్టువారు విడాకుల తీర్పు ఇచ్చిరి. 2023లో ఇల్లు అమ్మబడెను.

పుత్తూరు కట్టు సంగతి మన ప్రాంతమున తెలియనివారు లేరు. చేయి విరిగినను కాలు విరిగినను దూరదేశముల నుండి కూడ జనులు అక్కడికి వచ్చి, ఆకు పసరుతోను వెదురు బద్దలతోను కట్టు కట్టించుకొని పోవుదురు. ఆ దారిని పోవునప్పుడెల్ల నేను తలంచుకొందును: ఎముక విరిగినవానిని మనము "ఎందుకు విరుగగొట్టుకొంటివి?" అని వాకిట నిలువబెట్టి విచారింపము. ముందు కట్టు కట్టింతుము. కాపురము విరిగినవారిని మాత్రము కట్టు లేకుండ వాకిటనే నిలువబెట్టుదుము. చేరకుండ పోయిన ఎముకలును కలవు. అట్టివాడు కుంటుచు నడచినను వానిని మనము బడికి రావద్దనము, గుడికి రావద్దనము.

ఇట్లు చెప్పుటచేత విడాకులు చిన్న సంగతియని నేను బోధించుచున్నానని ఎవరును తలంపకుందురు గాక. వివాహబంధమును దేవుడే జతపరచెనని మన ప్రభువు బోధించెను. మోషే పరిత్యాగ పత్రిక వ్రాయుటకు సెలవిచ్చినది మనుష్యుల హృదయ కాఠిన్యమును బట్టియేయని ఆయన పరిసయ్యులకు తెలియజెప్పెను. మలాకీ ప్రవక్త గ్రంథము రెండవ అధ్యాయమును చదివినవారికి దేవుడు ఆ బలిపీఠము మీది కన్నీటిని ఎంత గంభీరముగా ఎంచెనో తెలియును. నేను ఆ బోధను వదులుకొనలేదు. నా చెల్లెలును వదులుకొనలేదు. అయితే ఆ పరిత్యాగ పత్రిక యెందుకు అవసరమాయెనో ఒకసారి ఆలోచించుడి. ద్వితీయోపదేశకాండము ఇరువది నాలుగవ అధ్యాయములో ఆ పత్రిక స్త్రీ చేతికి ఇయ్యబడెను. కాగితము లేకుండ వెళ్లగొట్టబడిన స్త్రీ ఎవరి భార్యయో ఎవరికిని తెలియక, ఎక్కడికిని పోలేక, గాలిలో దీపమువలె నుండును. కాఠిన్యము గల లోకములో సహితము దేవుడు బలహీనురాలి చేతిలో ఒక ఆధారముంచెను.

ఈ ఆధారమును గూర్చి మన సంఘములలో తెలియవలసినవి కొన్ని కలవు. దయచేసి ఓపికతో చదువుడి. మన పల్లెలలో భార్యాభర్తలు విడిపోవలసి వచ్చినప్పుడు పెద్దలు కూర్చుండి, స్టాంపు కాగితము మీద నాలుగు ముక్కలు వ్రాసి, ఇరువురి సంతకములు తీసికొని, "ఇక మీ దారి మీది" అందురు. క్రైస్తవులకు అట్టి కాగితముచేత వివాహము రద్దు కాదు. సంఘాధికారులు వ్రాసి ఇచ్చిన పత్రముచేతను కాదు. సంఘ న్యాయస్థానముల తీర్పు దేశ చట్టము ముందు విడాకులుగా నిలువదని సుప్రీంకోర్టు 2017లో మరల స్పష్టపరచెను. క్రైస్తవుల విడాకులకు ఆధారము 1869 నాటి చట్టము. ఆ చట్టము ప్రకారము మొదట భర్త భార్య మీద వ్యభిచార దోషమొక్కటి రుజువు చేసిన చాలియుండెను. భార్య మాత్రము భర్త వ్యభిచారముతోబాటు అతని క్రూరత్వమునో, విడిచిపోవుటనో, మరియొక దోషమునో కూడ రుజువు చేయవలసియుండెను. 1995లో కేరళ హైకోర్టు ఈ అన్యాయమును కొట్టివేసెను. 2001లో పార్లమెంటు చట్టమునే సవరించి, కారణములను స్త్రీ పురుషులిద్దరికిని సమానము చేసి, పరస్పర సమ్మతితో విడిపోవుటకును మార్గమిచ్చెను. రెండేండ్లు గాని అంతకు మించి గాని వేరుగా నుండినవారు కలిసి అర్జీ పెట్టుకొని, ఆరు నెలల తరువాత మరల వచ్చి తమ సమ్మతిని తెలుపవలెనని ఆ సవరణలో వ్రాయబడెను. ఆ ఆరు నెలలు ఎందుకు? మనస్సు మారునేమోయని. చట్టము సహితము ఒక వాకిలి తెరచియుంచినది. నా చెల్లెలు విషయములో ఆ వాకిలిగుండ ఎవరును తిరిగి రాలేదు.

ఇక ఇంటి సంగతి. మన దేశములో విడాకులైనప్పుడు ఇల్లు సగము సగము పంచవలెనను సాధారణ నియమము లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉన్నదో ఇల్లు వారిదే. భార్యకు భరణము అడుగు హక్కు కలదు. కాపురమున్న ఇంటినుండి ఆమెను త్రోసివేయకుండ గృహహింస నుండి స్త్రీలను రక్షించు 2005 నాటి చట్టము కాపాడగలదు. అయితే పదునేడేండ్లు ఊడ్చి అలికిన ఇంటిలో ఒక గది తనదని చెప్పుకొనుటకు ఆమె పేరు కాగితము మీద లేకపోయిన, ఆమె అమ్మిన గొలుసు సాక్ష్యమియ్యదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము క్రైస్తవుని విధవకును పిల్లలకును ఆస్తిలో భాగము కలదు, కుమారునికిని కుమార్తెకును భేదము లేదు; విడాకులైన భార్య మాత్రము విధవగా ఎంచబడదు. పిల్లలు తండ్రికి పిల్లలే, వారి వారసత్వము చెడదు. ఈ మాటలు చదువుచున్న యువ దంపతులారా, మీరు స్థలము కొనునప్పుడు ఇద్దరి పేర్లును వ్రాయించుడి. దీనికి అవిశ్వాసము కారణము కానక్కరలేదు. పెండ్లినాడు రిజిష్టరులో ఇద్దరును సంతకము పెట్టితిరి గదా, ఇంటి కాగితములో మాత్రము ఒకరేల?

హెబ్రీ భాషలో బయిత్ అను మాటకు ఇల్లు అనియు కుటుంబమనియు రెండర్థములు గలవు. మన తెలుగులోను అంతే. ఇల్లాలు అను మాటలోనే ఇల్లున్నది. ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమందురు. కనుక ఇల్లు అమ్మునప్పుడు గోడలు మాత్రమే పోవుచున్నట్లు ఆ స్త్రీకి తోచదు. తన పేరులో ఒక భాగము పోయినట్లు తోచును. అమ్మకమునకు ముందు నా చెల్లెలు నన్ను ఒక మాట అడిగెను.

"అన్నా, నువ్వు ప్రార్థన చేసి ప్రతిష్ఠించిన ఇల్లు కదా ఇది. దేవునికిచ్చిన దాన్ని అమ్మితే పాపం కాదా? ఊర్లోవాళ్లు అట్లే అంటా ఉండారు."

ఈ ప్రశ్న విన్నప్పుడు సెమినరీలో చదివిన చదువంతయు నాకు అక్కరకు వచ్చినది. మీ ఇండ్లలోను ఈ ప్రశ్న పుట్టవచ్చును గనుక ఆమెకు చెప్పిన జవాబునే మీకును చెప్పుదును.

లేవీయకాండము ఇరువది అయిదవ అధ్యాయములో ఇల్లు అమ్ముకొనువానికొరకు దేవుడు ప్రత్యేకముగా నియమములు వ్రాయించెను. ప్రాకారము గల పట్టణములో ఇల్లు అమ్మినవాడు ఒక నిండు సంవత్సరములోగా దానిని విడిపించుకొనవచ్చును. ఆ పిమ్మట అది కొన్నవానిదే. ప్రాకారములేని పల్లెలలోని ఇల్లయితే పొలముతో సమానము, సునాద సంవత్సరమున తిరిగి వచ్చును. దేవుడు బీదవాని అవసరము నెరిగి, అమ్మకమునకు చోటిచ్చి, విడిపించుకొనుటకు గడువిచ్చెను. అమ్మినవానిని ఆ అధ్యాయమందెక్కడను శపింపలేదు. మోయాబునుండి రిక్తురాలై వచ్చిన నయోమి కూడ తన పెనిమిటి భూమిని అమ్మజూపెను. ఆ అమ్మకపు మాటలు బేత్లెహేము గుమ్మమున పదిమంది పెద్దల యెదుట జరుగుచుండగనే దేవుడు రూతు యొక్క భవిష్యత్తును సిద్ధపరచెను. ఇల్లు, పొలము చేతులు మారును. ప్రార్థన గోడకు అంటియుండునది కాదు. సున్నము రాలినను దేవుడు విన్న మాట రాలదు.

మన ప్రాంతపు సంఘచరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1865లో నాయుడుపేట ప్రాంతమునకు జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ మిషనువారు వచ్చి, కాలక్రమమున తిరుపతి, కాళహస్తి ప్రాంతములలో బంగళాలును బడులును కట్టిరి. మొదటి ప్రపంచ యుద్ధకాలములో, జర్మనులైనందున వారు వాటిని విడిచి పోవలసివచ్చెను. అమెరికా లూథరన్లు ఆ పనిని చేపట్టిరి. పిమ్మట 1945లో అది దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమాయెను. కట్టినవారు ఒకరు, కాపురమున్నవారు మరొకరు. వారు చేసిన ప్రార్థనలు ఎవరి బంగళాలోను తాళము వేయబడి నిలిచిపోలేదు. మన తాతల బాప్తిస్మములలో అవి ఫలించెను. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, ఒడ్డున నున్న ఇండ్లు కూలినప్పుడు, ప్రార్థించిన ఇండ్లు, ప్రార్థింపని ఇండ్లు అని నీళ్లు భేదము చూపలేదు. ఇంటిని దేవునికి ప్రతిష్ఠించుట యనగా అందులో నివసించు మనలను ప్రతిష్ఠించుకొనుటయే.

ఇంత చెప్పినను, చెల్లెలికి నిజమైన పరీక్ష అమ్మకము నాడు వచ్చెను. అక్కడనే నేను ఆమెకు బోధింపని పాఠమును ఆమెయు ఆమె భర్తయు నాకు బోధించిరి.

కొనువారు తిరుపతిలో వ్యాపారము చేయు కుటుంబమువారు, మర్యాదస్థులు. మధ్యవర్తి ఒకడు మమ్మును ప్రక్కకు పిలిచి, "ప్రభుత్వ విలువ ఎంతుండాదో అంతకే దస్తావేజు రాసుకుందాము. మిగతాది రొక్కంగా చేతికిస్తారు. ఖర్చు తగ్గుతుంది. అందరూ చేసేదే కదా అయ్యగారూ" అనెను. నిజమే, చాలమంది చేయుదురు. నా చెల్లెలు నా ముఖము చూచెను. నేను నోరు తెరచుటకు ముందే ఆమె భర్త మాటలాడెను. ఎన్నో సంవత్సరములుగా గుడి మెట్టెక్కని మనిషి అతడు.

"వద్దు. ఎంతకు అమ్ముతా ఉండామో అంతా రాయండి. ఆమె సగం ఆమె బ్యాంకులోనే పడాల. రొక్కం నా చేతికొస్తే నా చెయ్యిని నేనే నమ్మను" అనెను.

మధ్యవర్తి నవ్వి, "అట్లయితే కొనేవాళ్లు రెండు లక్షలు తగ్గిస్తారు" అనెను. చెల్లెలు కొంతసేపు నేలను చూచి, "తగ్గించనీండి" అనెను. కుమార్తె నర్సింగు చదువునకు ఆ రెండు లక్షలు ఎంత అవసరమో నాకు తెలియును. సగము ఇయ్యవలెనని ఏ కోర్టును అతనికి ఆజ్ఞాపింపలేదు. ఎందుకు ఇచ్చుచున్నావని నేను అడుగలేదు. అతడే కాగితములు చదువుచు, తల యెత్తకుండ, "ఆ గొలుసు నాకు జ్ఞాపకముండాది" అనెను. అంతే. ఆ మాటకు నా చెల్లెలు జవాబు చెప్పలేదు. వారు తిరిగి కలియలేదు. ఆ దినమున కలసి టీ కూడ త్రాగలేదు. రిజిస్ట్రారు యెదుట ఇరువురును నిజమైన మొత్తమునకు సమ్మతి తెలిపిరి. నేను సాక్షిగా సంతకము చేసితిని. పిమ్మట ఒకరు తిరుపతి బస్సును, మరొకరు చిత్తూరు బస్సును ఎక్కిరి.

ఆ రాత్రి నేను అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయము తెరచితిని. అననీయ, సప్పీరా అనువారు తమ పొలము అమ్మి, వెలలో కొంత దాచుకొని, మిగిలినదానినే మొత్తమని చూపిరి. మూడు గంటల తరువాత భార్య వచ్చినప్పుడు పేతురు ఆమెను అమ్మిన వెలను గూర్చియే అడిగెను. ఆమెయు భర్త చెప్పినట్లే చెప్పెను. ఈ కథను నేను ఎన్నోమారులు ప్రసంగించితిని గాని, ఆ రాత్రి ఒక సంగతి క్రొత్తగా కనబడెను. ఆ దంపతులు విడిపోయినవారు కారు! వారిలో కలహమున్నట్లు వ్రాయబడలేదు. వారు ఏకమనస్సు గలవారే, అబద్ధమునందు ఏకమనస్సు. సంఘము ముందు చూచుటకు వారి కాపురము చక్కగనే కనబడియుండును. ఇక్కడ చూడగా, ఆరేండ్ల క్రిందట విడిపోయి, కోర్టు తీర్పు పొంది, ఒకరి ముఖమొకరు చూచుటకు ఇష్టము లేని ఇద్దరు ఒక్క గడియ సత్యమునందు ఏకమైరి. వారి వివాహమును ఆ గడియ బ్రతికింపలేదు. అయినను ఆ కార్యాలయపు వరండాలో దేవుని భయము నిలిచియుండెనని నేను సాక్ష్యమిత్తును.

యిర్మీయా ప్రవక్త కూడ ఇట్టి దస్తావేజు పని చేసినవాడే. బబులోనువారు పట్టణమును ముట్టడించియుండగా, తాను చెరసాల ప్రాకారములో నుండగా, అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండికి కొనెను. వెండిని త్రాసులో తూచెను, సాక్షులచేత సంతకము చేయించెను, ముద్రవేసిన పత్రమును ముద్రలేని పత్రమును మంటికుండలో భద్రపరపించెను. పట్టణము కూలుచుండగా త్రాసు సరిచూచువాని నెవడు మెచ్చును? దేవుడు మెచ్చెను. సర్వము పోవుచున్న దినమున లెక్క సరిగా నుంచుటయే ఆయన మీద నమ్మికకు గుర్తు. కాపురము కూలిన ఇంటి అమ్మకము విషయములోను ఇంతే. అప్పులున్న ముందు తీర్చుడి. భార్య సొమ్ము భార్యకు ఇయ్యుడి. పిల్లల చదువునకు వేరుగా కట్టియుంచుడి. పగ తీర్చుకొనుటకై తక్కువ వెలకు అమ్మివేయకుడి. పంతముకొరకు అమ్మకమును ఆపివేసి తాళము క్రింద చెదలకు ఇయ్యకుడి. ప్రభుత్వమువారిచ్చిన పట్టా స్థలములోని ఇల్లయితే మరి జాగ్రత్త: అట్టి స్థలముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించెను, తరువాతి సవరణలు కొన్ని షరతులతో సడలించెను. కనుక తహసీల్దారు కార్యాలయములో అడిగి తెలిసికొనక ముందు ఎవరివద్దను అడ్వాన్సు తీసికొనకుడి.

దస్తావేజు కాగితములో చెక్కుబంది వ్రాయుదురు: తూర్పున దారి, పడమట ఫలానావారి స్థలము, ఇట్లు నాలుగు దిక్కులు. చెట్టు చేమ సహా అని వ్రాయుదురు. అబ్రాహాము హేతు కుమారుల యెదుట నాలుగు వందల తులముల వెండికి మక్పేలా పొలము కొన్నప్పుడును, పొలము, గుహ, పొలిమేరలోపలి చెట్లు అన్నియు లెక్కించిరి. ఆ చెట్లు మాట వినినప్పుడు నా చెల్లెలు మామిడిచెట్టును తలంచుకొని కన్నీరు పెట్టెను. ఇంటికొరకు ఆమె ఏడ్వలేదు, చెట్టుకొరకు ఏడ్చెను. అట్టి కన్నీటిని చిన్నచేయవద్దు. దేవుడు అబ్రాహాము చెట్లను తన గ్రంథములో వ్రాయించెను గదా.

క్రొత్త యజమానులు సున్నము వేయించుకొనిరి. వాకిలి మీది వాక్యము కప్పబడెను. మా బంధువులలో కొందరు నొచ్చుకొనిరి. చెల్లెలు మాత్రము, "వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం అన్నా. నేను ఆ వాక్యాన్ని గోడ మీద చూసి చదవలేదు, నోటికొచ్చు" అనెను. నా జవాబు ఆమెలో వేరుపారెనని అప్పుడు తెలిసికొంటిని.

ఇప్పుడు సంఘస్థులైన మీతో ఒక మనవి. ఇల్లు అమ్ముకొనిన స్త్రీకి అద్దె ఇల్లు దొరుకుట ఎంత కష్టమో మీకు తెలియునా? "ఆయన ఎక్కడ?" అను ప్రశ్నతోనే తలుపు మూయబడును. నా చెల్లెలు మూడు వాకిళ్లు తిరిగి వచ్చెను. నాల్గవ వాకిలి మన సంఘపు విధవరాలిది, ఆమె అడిగినది ఒక్కటే: "గురువారం కూటం మా ఇంట్లో పెట్టుకుందామా మ్మా?" ఆ ప్రశ్నలో మన సంఘమంతటికిని బోధ కలదు. మీ ఊరిలో ఖాళీ గది యుండి, మీ సంఘములో అట్టి సహోదరి యుండిన, గది తెరువుడి. ఆమె కార్యాలయములకు పోవలసినప్పుడు పెద్దలలో ఒకరు తోడు పొండు. ఆమె భర్త గుడికి వచ్చిన, అతనిని చూచి గుసగుసలాడకుడి. అతనికిని ఆత్మ కలదు. పిల్లలను "మీ నాయన మంచోడా, మీ అమ్మ మంచిదా?" అని అడుగకుడి. కోర్టు ఆస్తిని పంచగలదు గాని, బిడ్డ హృదయమును రెండు ముక్కలు చేయుమని ఎవరును తీర్పు చెప్పరాదు. సొలొమోను కత్తి తెప్పించినది బిడ్డను కాపాడుటకే. ప్రభు సంస్కారపు బల్ల విషయములో పెద్దలు తొందరపడి ఎవరిని వెనుకకు పంపకుడి. ఆ బల్ల యొద్దకు విరుగనివారే రావలెనన్న, దానిమీది రొట్టెయే విరువబడియున్నదే!

మనమందరమును అద్దె ఇండ్లవారమే. ఈ శరీరమును గుడారముగా పౌలు ఎంచెను. గుడారమును విప్పు దినము ప్రతివానికిని వచ్చును. ఆ దినమున చెక్కుబంది ఎవరును అడుగరు. మనము చెప్పిన వెల నిజమా అని మాత్రము అడుగబడుదుము. తండ్రి ఇంట మనకొరకు స్థలము సిద్ధపరచిన ప్రభువు, ఈ లోకమున తల వాల్చుకొనుటకు చోటులేనివాడై జీవించెను. ఇల్లు పోయినవారి బాధ ఆయనకు చెప్పి తెలియజేయవలసినది కాదు.

ఇల్లు అమ్ముకొనువారికి ప్రార్థనా క్రమము లేదని చెప్పితిని. మీలో ఎవరికైన ఆ దినము వచ్చిన, పాస్టరు రాకపోయినను, తాళపుచెవి అప్పగింపక ముందు ఖాళీ గదిలో నిలిచి ఇట్లు ప్రార్థింపవచ్చును:

తండ్రీ, ఈ కప్పు క్రింద నీవు మాకు పెట్టిన ప్రతి పూట భోజనముకొరకు స్తోత్రము. ఇక్కడ మేము ఒకరినొకరము గాయపరచిన మాటలను క్షమించుము. మా వివాహమును నిలుపుకొనలేకపోతిమి. మా సత్యమును పోగొట్టుకొనకుండ కాపాడుము. ఈ ఇంట ఇకమీదట నివసించువారిని ఆశీర్వదించుము, వారి కాపురమును నిలుపుము. మా బిడ్డలకు రెండు ఇండ్లున్నను ఒకే తండ్రివి నీవని తెలియజేయుము. మేము ఈ వాకిలి దాటునప్పుడు మాకు ముందుగా నీవు నడువుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.